ఎర్రగడ్డ దారిలో ఒక వృత్తి

మానసిక రోగుల మధ్య పనిచేసే సామాజిక కార్యకర్తకు హైదరాబాద్‌లో పాత చిరునామా ఎర్రగడ్డ. చందానగర్ మీదుగా సాగే ముంబయి రహదారి పక్కనే ఉంది. నిజాం కాలంలో జాల్నాలో నడిచిన మానసిక ఆసుపత్రి 1953లో ఇక్కడికి వచ్చింది. దాంతో ఎర్రగడ్డ పేరే జనం నోట ఎగతాళి మాటైంది. ఆ ఎగతాళికి జడిసి రోగిని దాచే ఇంటివాళ్లను ఒప్పించడం, నయమయ్యాక అతణ్ని మళ్లీ ఇంటికి చేర్చడం ఈ వృత్తిలో అసలు కష్టం.

ఈ వృత్తికి దారి సోషల్ వర్క్ చదువు. దేశంలో అది 1936లో బొంబాయి టాటా స్కూలుతో మొదలైంది. తర్వాత చందానగర్‌కు దగ్గర్లోని గచ్చిబౌలిలోనూ రోడా మిస్త్రీ కళాశాల వెలిసింది. అయితే మానసిక రోగుల మధ్య పనికి సోషల్ వర్క్ పీజీ (ఎం.ఎస్.డబ్ల్యు.) ఒక్కటే చాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఆపై రెండేళ్ల ఎం.ఫిల్.ను ప్రధాన అర్హతగా పెట్టింది.