అమెరికాలో వృద్ధుల అపార్ట్‌మెంట్లకు ప్రభుత్వ నిధులు

అమెరికాలో 1937 చట్టం కింద కట్టిన ప్రభుత్వ గృహాలు కుటుంబాల కోసం ఉద్దేశించినవి. ఒంటరి వృద్ధులకు వాటిలో చోటు దక్కేది కాదు. 1956లో చట్టాన్ని సవరించి ఆ అడ్డంకిని తొలగించారు.

1959 గృహనిర్మాణ చట్టంలోని 202వ సెక్షన్ వృద్ధుల కోసమే ఒక పథకాన్ని ఏర్పరచింది. దాని కింద లాభాపేక్ష లేని సంస్థలకు ఫెడరల్ ప్రభుత్వం తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణాలు ఇచ్చింది. మత సంస్థలు, కార్మిక సంఘాలు, సేవా సంస్థలు ఆ డబ్బుతో అపార్ట్‌మెంట్లు కట్టాయి. 1960ల చివర్లో ఆగిన ఈ రుణాలు 1974 చట్టంతో తిరిగి మొదలయ్యాయి. ఈసారి 8వ సెక్షన్ అద్దె సాయం తోడు కావడంతో నిరుపేదలకూ ఈ ఇళ్లు అందుబాటులోకి వచ్చాయి.

రుణం ఉన్నంతకాలం వాయిదాల భారం అద్దెలో చేరుతుంది. అందుకే 1990 చట్టం రుణానికి బదులు పెట్టుబడి సాయం ప్రవేశపెట్టింది. భవనాన్ని 40 ఏళ్లపాటు పేద వృద్ధులకే కేటాయిస్తే ఆ సొమ్ము తిరిగి చెల్లించనక్కర్లేదు. 62 ఏళ్లు నిండి, ఆదాయం స్థానిక మధ్యస్థ ఆదాయంలో సగానికి మించనివారు అర్హులు. వారు సర్దుబాటు చేసిన ఆదాయంలో 30 శాతం అద్దెగా కడతారు; నిర్వహణ ఖర్చులో మిగతాది ప్రభుత్వం భరిస్తుంది.

2012 నుంచి కొన్నేళ్లు కొత్త నిర్మాణాలకు కేటాయింపులు నిలిచిపోయాయి. ఆ లోటును కొంతవరకు 1986లో వచ్చిన పన్ను రాయితీ పథకం పూడ్చింది. అందులో ప్రైవేటు పెట్టుబడిదారులు తక్కువ అద్దె ఇళ్ల నిర్మాణంలో సొమ్ము పెట్టి, పదేళ్లపాటు పన్ను తగ్గింపు పొందుతారు. అయితే అద్దె సాయం జతపడకపోతే అతి తక్కువ పింఛనుతో బతికే వృద్ధులకు ఈ ఇళ్లు కూడా భారమే. 2018 బడ్జెట్ కాలం నాటికి 202వ సెక్షన్ కింద కొత్త నిర్మాణాలకు నిధులు మళ్లీ కేటాయించారు.