మెల్చెస్టర్ రోవర్స్

మెల్చెస్టర్ రోవర్స్ బ్రిటిష్ కామిక్స్‌లోని కల్పిత ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్. సొంత మైదానం మెల్ పార్క్. జెర్సీ ఎరుపు, పసుపు రంగుల్లో ఉంటుంది.

చరిత్ర: ఫ్రాంక్ ఎస్. పెప్పర్ సృష్టించిన ‘రాయ్ ఆఫ్ ద రోవర్స్’ బొమ్మల కథతో 1954 సెప్టెంబరులో ‘టైగర్’ వారపత్రికలో ఈ జట్టు పుట్టింది. తొలి చిత్రకారుడు జో కహూన్. 1976లో ‘రాయ్ ఆఫ్ ద రోవర్స్’ పేరుతోనే ప్రత్యేక వారపత్రిక వెలువడింది.

జట్టుకు ప్రాణం కథానాయకుడు రాయ్ రేస్. అతని ఎడమ కాలి షాట్ తూటాలా గోల్‌లోకి దూసుకుపోయేది. కథలో 1981లో అతనిపై కాల్పులు జరిగాయి. 1986లో ఉగ్రవాద దాడిలో ఎనిమిది మంది సహచరులు మరణించారు. 1993లో హెలికాప్టర్ ప్రమాదం ఆ ఎడమ పాదాన్నే బలిగొంది. 2018లో కథ కొత్తగా మొదలైంది.

ప్రభావం: ఆఖరి నిమిషంలో ఓటమి గెలుపుగా మారితే ఇంగ్లిష్ వ్యాఖ్యాతలు నేటికీ రాయ్ కథనే తలుస్తారు. కల్పిత జట్టుకు ఇంతకు మించిన గౌరవం లేదు.