మంచుదేశంలో ఒక జనవరి

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో కొబ్బరినూనె సీసా ఎండలోకి చేరుతుంది. నూనె పేరుకుంటే చాలు, "అబ్బ, ఏం చలి!" అని ఇంటిల్లిపాదీ వణికిపోతాం. పిల్లలు దుప్పటి వదలరు. మావారు వేణ్ణీళ్ళు కాగితే తప్ప మంచం దిగరు. మొన్న అలాంటి పొద్దునే ఒక పాత చరిత్ర పుస్తకం తిరగేస్తూంటే, 1738 జనవరి 7వ తేదీన ఒక యువకుడు రాసుకున్న సంగతులు కంటబడ్డాయి. అవి చదివాక మా నూనె సీసాను చూసి నాకే నవ్వొచ్చింది.

అతని పేరు పౌల్ ఎగెదె. వయసు 29 ఏళ్ళు. గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో, డిస్కో అఖాతం దగ్గర క్రైస్తవ మతబోధకుడు. అక్కడ డిసెంబరు నెలంతా సూర్యుడు ముఖమే చూపించడు. పగలంతా పొయ్యి మండుతున్నా పొగగొట్టం లోపలి మంచు కరిగేది కాదట. పైన మంచు కమానులా కట్టుకుంటే, అందులో చిన్న చిన్న చిల్లుల్లోంచి పొగ బయటికి పోయేదట. గోడలకీ తలుపులకీ సున్నం పూసినట్టు మంచు. పరుపు మంచానికి అంటుకుపోయేది. సొరుగులో మడతపెట్టిన బట్టలు కొయ్యల్లా బిగుసుకునేవి. రాత్రి తను వదిలిన ఊపిరే దిండుమీద అంగుళం మందాన గడ్డకట్టేది. ఇక వంట సంగతి సరేసరి! పీపాలోంచి మాంసం తియ్యాలంటే పీపానే నరకాలి.

ఇంత చలిలోకి ఇతనెందుకు వచ్చినట్టు? నిజానికి వచ్చింది అతని తండ్రి. హాన్స్ ఎగెదె నార్వేలో ఫాదరీ. ఎన్నో వందల ఏళ్ళ కిందట గ్రీన్‌లాండ్‌లో కాపురాలు పెట్టిన తమవాళ్ళ సంతతి ఇంకా అక్కడుందని, వాళ్ళకు మతబోధ చెయ్యాలని 1721లో భార్యనీ నలుగురు పిల్లల్నీ ఓడ ఎక్కించాడు. తీరా వస్తే వాళ్ళెవరూ లేరు. శిథిలమైన గోడలు మిగిలాయంతే. సరే, అక్కడ నివసిస్తున్న గ్రీన్‌లాండు ప్రజలకే బోధిస్తానని ఉండిపోయాడు.

ఉండిపోయాడు అన్నాను గానీ, నిలబెట్టింది ఆ ఇల్లాలే. ఆమె గెర్ట్రూడ్. భర్తకన్నా 13 ఏళ్ళు పెద్దది. మొదటి చలికాలం గడిచాక తిండి సరుకుల ఓడ ఎంతకీ రాలేదు. వెంట వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోదామని పట్టుబట్టారు. హాన్స్ మనసూ ఊగిసలాడింది. ఆవిడ మాత్రం సామాను సర్దనంటే సర్దనంది. 1722 వేసవిలో ఓడ రానే వచ్చింది!

భాష దగ్గర తండ్రి తంటాలు పడుతూంటే, 12 ఏళ్ళ పౌల్ ఊళ్ళో పిల్లలతో ఆడుకుంటూ ఇట్టే పట్టేశాడు. బైబిలు కథలకి అతను బొమ్మలు గీస్తే, తండ్రి అవి చూపించి చెప్పేవాడు. రొట్టె అంటే ఎరగనివాళ్ళకి "మా రోజువారీ రొట్టె మాకియ్యి" అన్న ప్రార్థన ఎలా చెప్పడం? రొట్టె బదులు సీల్ మాంసం అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మనకైతే అన్నం అని ఉండేవాడు కాబోలు!

ఇంకో వింత వినండి. ఇటు ఫాదరీగారి ఇల్లు మంచుగుహలా ఉంటే, అటు గ్రీన్‌లాండువాళ్ళ ఇల్లు ఉక్క పోసేంత వెచ్చన. రాళ్ళూ మట్టిగడ్డలూ పేర్చి కట్టిన ఆ ఇంట్లోకి సొరంగంలాంటి దారిలో వంగి వెళ్ళాలి. బయటి చలిగాలి లోపలికి రాదు. లోపల మెత్తని రాయిని తొలిచిన దీపం. సీల్ కొవ్వు నూనె, ఎండిన నాచు ఒత్తి. అదే వెలుగు, అదే పొయ్యి, అదే కుంపటి. ఆ ఒత్తిని సవరిస్తూ కూచునేది ఆడది. చర్మాలను నరాల దారంతో కుట్టి మగవాడికి వేటదుస్తులు చేసేదీ ఆమే. ఆమె కుట్టు ఒక్కటి ఊడితే అతనికి చలిలో ప్రాణగండం.

ఓడ మోసుకొచ్చింది మతాన్నొక్కదాన్నే కాదు. 1733లో డెన్మార్క్ వెళ్ళి తిరిగొచ్చిన ఒక గ్రీన్‌లాండు కుర్రాడితో మశూచి దిగింది. ఆ జబ్బు ఎరగని జనం. గూడేలకు గూడేలే తుడిచిపెట్టుకుపోయాయి. గెర్ట్రూడ్ రోగుల్ని తన ఇంట్లోనే పడుకోబెట్టి చాకిరీ చేసింది. ఆ చాకిరీతో కుంగిన ఒళ్ళు తేరుకోలేదు. 1735 డిసెంబరులో కన్నుమూసింది. మరుసటేడు హాన్స్ ఆమె శవపేటికతో ఓడ ఎక్కాడు. కొడుకు అక్కడే ఉండిపోయాడు. తల్లి పోయిన మూడో చలికాలంలో, మంచుకట్టిన ఆ దిండుమీద తలపెట్టుకుని అతనేమనుకున్నాడో! తన ఊపిరి గడ్డకట్టిందని రాశాడు గానీ, మనసు సంగతి రాయలేదు. మగపిల్లలు రాయరేమో.

అతను ఒంటరిగా మాత్రం పనిచెయ్యలేదు. అర్నార్సాక్ అనే గ్రీన్‌లాండు యువతి బైబిలు అనువాదంలో సాయం చేసింది. అతను 1740లో తిరిగి వెళ్ళాడు. 1750లో గ్రీన్‌లాండు భాషకు నిఘంటువు వేశాడు. 1766లో కొత్త నిబంధన పూర్తిగా ఆ భాషలో అచ్చయింది. పుస్తకంమీద పేరు అతనిది. మాట అందించిన గొంతుల్లో ఆమెది కూడా ఉంది.

దీనికీ మనకీ ఏమిటి సంబంధం అంటారా? డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ గ్రీన్‌లాండుకన్నా ముందే, 1705లో, మన తరంగంబాడికి మతబోధకుల్ని పంపాడు. తర్వాత అదే మిషన్‌కు వచ్చిన షుల్జ్ అనే జర్మన్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, 1740లలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఒకాయన మద్రాసు ఉక్కలో చెమటోడుస్తూ మన అక్షరాలు దిద్దుకుంటూంటే, ఇంకొకతను మంచులో వేళ్ళు కొంకర్లు పోతూంటే మాటలు పోగుచేశాడు.

నేర్పడానికి వచ్చినవాళ్ళు ముందు నేర్చుకోవలసి వచ్చింది. నేర్పినవాళ్ళలో ఎందరి పేర్లో మనకు మిగల్లేదు.

పుస్తకం మూసి లేచేసరికి నూనె కరిగింది. దేవుడి గదిలో దీపం సన్నగిల్లితే ఒత్తి ఎగదోశాను. అంత దూరాన, ఆ చీకటి నెలలో, రాతిదీపం ముందు కూచున్న ఆడదాని చెయ్యి గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే ఎగదోసి ఉంటుంది.