విశ్వకిరణాల కూర్పు

విశ్వకిరణాలు (కాస్మిక్ కిరణాలు): దాదాపు కాంతివేగంతో రోదసి నుంచి భూమిని చేరే విద్యుదావేశ కణాలు. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని నిర్ధారించారు. ‘కిరణాలు’ అన్న మాట, వీటిని గామా కిరణాలుగా భావించిన శాస్త్రవేత్త మిలికన్ కాలం నాటిది. భూమధ్యరేఖ దగ్గర తీవ్రత తగ్గుతోందని 1927లో జేకబ్ క్లే గమనించాక క్రమంగా ఇవి అయస్కాంత క్షేత్రం మళ్లించే ఆవేశ కణాలన్న వాదమే నిలిచింది.

ప్రాథమిక కణాలు (రోదసి నుంచి నేరుగా వచ్చేవి). కేంద్రకాల్లో ప్రోటాన్లు రమారమి 90 శాతం, హీలియం 9 శాతం, అంతకన్నా బరువైనవి 1 శాతం. కొన్ని గ్రంథాలు ప్రోటాన్లను 85 శాతానికి దించి హీలియంను పెంచుతాయి. మొత్తం శక్తిని బట్టి పోల్చారా, ఒక్కో న్యూక్లియాన్ శక్తిని బట్టి పోల్చారా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ప్రాతిపదిక చెప్పిన లెక్కనే ప్రమాణంగా తీసుకోవడం మంచిది. ఎలక్ట్రాన్లు సుమారు 1 శాతం. పాజిట్రాన్లు, ప్రతిప్రోటాన్లు అత్యల్పం.

బరువైన కేంద్రకాలు. 1948లో మిన్నెసోటా, రోచెస్టర్ బృందాలు బెలూన్లలో పంపిన ఫోటో ఎమల్షన్లలో వీటిని గుర్తించాయి. అయనీకరణం ఆవేశ వర్గానికి అనులోమం కనుక, అదే వేగంతో పోయే ఇనుప కేంద్రకం ప్రోటాన్ కన్నా 676 రెట్లు అయనీకరణం చేస్తుంది. సూక్ష్మదర్శినిలో దాని జాడ నూగు పట్టిన మందపాటి గీతలా కనిపిస్తుంది. ఈ పరిశోధకుల్లో బెర్నార్డ్ పీటర్స్ తర్వాత బొంబాయి టాటా పరిశోధన సంస్థలో పనిచేశారు. సౌరకుటుంబంలో అరుదైన లిథియం, బెరీలియం, బోరాన్ ఈ కిరణాల్లో ఎంతో ఎక్కువ. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు నక్షత్రాంతర వాయువును ఢీకొని పగలగా మిగిలిన ముక్కలివి.

తెలుగునాట. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూఇటూ ఉన్న ద్రాక్షారామం, హైదరాబాద్‌ల మీద భూ అయస్కాంత క్షేత్రం జల్లెడలా పనిచేస్తుంది. నిలువుగా రావాలంటే ప్రోటాన్‌కు సుమారు 16 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి ఉండాలి. తక్కువ శక్తి కణాలు వాటంతటవే వడపోతకు గురికావడం హైదరాబాద్ బెలూన్ ప్రయోగాలకు కలిసొచ్చింది. అక్కడ టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఏర్పడింది 1969లో అని సాధారణంగా రాస్తారు. నగరం నుంచి ప్రయోగాలు మాత్రం అంతకుముందే మొదలయ్యాయి.

నేలమీద. ప్రాథమిక కణాలు గాలిలోనే బద్దలవుతాయి. కిందికి చేరేవి ముఖ్యంగా ఆ తాకిడిలో పుట్టే మ్యూయాన్లు అనే కణాలు, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒకటి. ద్రాక్షారామం భీమేశ్వరాలయ ప్రాంగణంలో అరచేయి చాపితే సెకనుకు ఒకటో రెండో దాన్ని దాటిపోతాయి. మీటరు మందం రాయి కూడా చాలావాటిని ఆపలేదు. అయితే ఇవి గాలిలో పుట్టినవి. వీటిని ప్రాథమిక కణాల కూర్పులో కలపకూడదు.