ముక్కు కండలో పరాన్నజీవి: రైనోస్పోరిడియోసిస్ నిర్ధారణ చరిత్ర

తెలుగువారు ‘ముక్కులో కండ పెరగడం’ అని చెప్పుకొనే స్థితిని వైద్యులు పాలిప్ అంటారు. దీర్ఘకాలిక అలెర్జీ, వాపుల వల్ల ఏర్పడే పాలిప్‌లోనూ, పరాన్నజీవి వల్ల కలిగే రైనోస్పోరిడియోసిస్‌లోనూ ముక్కు దిబ్బడ, స్రావం కనిపిస్తాయి. అందుచేత ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం ఉంది. ఈ వ్యాధి చరిత్రను పరిశీలిస్తే, కారకజీవి వర్గీకరణ పలుమార్లు మారినప్పటికీ దానిని గుర్తించే విధానం స్థిరంగా నిలిచిందని తెలుస్తుంది.

1900లో బ్యూనస్ ఐరిస్‌లో గిల్లెర్మో సీబర్ తన సిద్ధాంత గ్రంథంలో ముక్కు కండలోని ఈ జీవిని వర్ణించి, ఏకకణ పరాన్నజీవులైన కాక్సీడియాలకు సన్నిహితమైనదిగా భావించాడు. 1903లో కలకత్తా నుంచి ఓకినీలీ ఇటువంటి కండనే వివరించాడు. 1905లో మించిన్, ఫాంథమ్ దీనికి రైనోస్పోరిడియం కినీలీ అని పేరు పెట్టారు. ఒకే జీవి రెండు ఖండాలలో వేర్వేరుగా నమోదైంది. 1923లో ఎడింబరోలో ఆష్‌వర్త్, ఒక భారతీయ విద్యార్థి నుంచి తీసిన కణజాలం ఆధారంగా దీని జీవితచక్రాన్ని విశదీకరించి, ఇది శిలీంధ్రమని నిర్ణయించాడు. సీబర్ తొలి వర్ణనకు గుర్తింపుగా రైనోస్పోరిడియం సీబరీ అనే పేరు స్థిరపడింది. 1999 నాటి జన్యు విశ్లేషణ ఆ నిర్ణయాన్నీ సవరించింది. ఇది శిలీంధ్రం కాదనీ, చేపలపై బతికే కొన్ని పరాన్నజీవుల వర్గానికి చెందినదనీ తేల్చింది.

వర్గం మారినా, సూక్ష్మదర్శినిలో కనిపించే రూపం మారలేదు. దళసరి గోడ గల పెద్ద సిద్ధబీజాశయాలు, వాటి నిండా వేలాది సిద్ధబీజాలు ఉండటమే నిర్ధారణకు ప్రమాణం. సాధారణ కృత్రిమ యానకాలలో ఈ జీవి పెరగదు కనుక కణజాల పరీక్షే ప్రధానాధారం. బయటి చూపుకు కూడా కొన్ని సూచనలు అందుతాయి. అలెర్జీ పాలిప్ సాధారణంగా పాలిపోయి, నునుపుగా, తరచు రెండు వైపులా ఉంటుంది. రైనోస్పోరిడియోసిస్ కండ ఎర్రగా, తాకితే రక్తం కారేదిగా, తెల్లని చుక్కలతో, ఎక్కువగా ఒక వైపే కనిపిస్తుంది.

ఈ భేదాన్ని గుర్తించడం రోగికి ముఖ్యం. పాలిప్‌గా భావించి పైపైన తొలగిస్తే అధిక రక్తస్రావం కలగవచ్చు, కండ తిరిగి పెరగవచ్చు. అందుచేత పూర్తిగా కోసి, మొదలును కాల్చడం చికిత్సగా స్థిరపడింది. ఈ వ్యాధి భారత్, శ్రీలంకలలో అధికం. చెరువు, నది వంటి నీటి వనరులతో దీనికి సంబంధం ఉన్నట్లు పరిశోధకులు భావిస్తారు. కాబట్టి ముక్కు కండతో వచ్చిన రోగిని స్నానం చేసే నీటి గురించి అడగడం, తొలగించిన ప్రతి కండనూ కణజాల పరీక్షకు పంపడం శతాబ్దపు అనుభవం నేర్పిన పద్ధతులు. కారకజీవి పేరుపై వివాదం కొనసాగిన కాలంలోనూ రోగిని కాపాడినది రూపాన్ని నిశితంగా చూసిన ఈ పరిశీలనే.