సీటు మాది, బీ ఫారం వాళ్లది

కూచిపూడి అనగానే లోకానికి గజ్జెల చప్పుడు వినపడుద్ది. తానీషా నవాబు భాగవతులకు అగ్రహారం రాసిచ్చిన కథ గుర్తొస్తుంది. ఆ వీధికి అవతల మాలపల్లె ఉందనీ, ఆ పల్లె ఆడోళ్లు నాట్లేస్తేనే ఊరికి అన్నం ఉడికిందనీ నేను చదివిన ఏ నాట్య చరిత్రలోనూ లేదు. చరిత్రలో లేని మేం ఓటర్ల జాబితాలో మాత్రం ఉన్నాం. ఆ జాబితాలో ఉండి మేం ఏం చెయ్యగలిగామో, ఏం చెయ్యలేకపోయామో రాయాలనిపించింది.

మాది మొవ్వ మండలం. 2004 ఎన్నికల దాకా మా మండలంలోని నిడుమోలు పేరు మీద ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం ఉండేది. 2008 పునర్విభజనలో అది పోయింది. పామర్రు, మొవ్వ, పమిడిముక్కల, తోట్లవల్లూరు, పెదపారుపూడి మండలాలతో పామర్రు రిజర్వుడు అయింది. 2009లో కాంగ్రెస్ నుంచి డి.వై. దాస్ గెలిచారు. నేను మొదటిసారి ఓటేసింది అప్పుడే. ఆ ఎన్నికలో తెలుగుదేశం నుంచి ఓడిన ఉప్పులేటి కల్పన 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2019లో అదే పార్టీ నుంచి కైలే అనిల్ కుమార్, 2024లో తెలుగుదేశం నుంచి వర్ల కుమార్ రాజా గెలిచారు. నలుగురూ మనోళ్లే. పెద్ద పార్టీ గుర్తు లేకుండా గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు.

2024 ఎన్నికలయ్యాక మా పల్లె కుర్రాళ్లు ఇంటికొచ్చారు. "మాస్టారూ, వచ్చేసారి మీరే నిలబడాలి" అన్నారు.

చట్టం చూస్తే పెద్ద అడ్డేమీ లేదు. పాతికేళ్లు నిండాలి. స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి. డిపాజిట్ మిగతావాళ్లకు 10,000 రూపాయలైతే మనకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది. నాకు మాత్రం ఇంకొకటి ఉంది. సర్కారు పంతులు పోటీ చెయ్యాలంటే ముందు ఉద్యోగం వదలాలి. మా నాయన పాలేరుగా చేశాడు. మా వంశంలో డిగ్రీ చదివిందీ, నెల జీతం చూసిందీ నేనే మొదలు. మా అమ్మ ఒకటే మాటంది: "ఓడినా వాళ్లు కారెక్కి పోతార్రా నాయనా. నువ్వు మళ్లా బురదలోకి దిగాల."

అమ్మ భయం నిజమే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. అది తెలియాలంటే వెనక్కి పోవాలి.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములమని పిలిపించుకోం, ఆది ఆంధ్రులం అని మనోళ్లు తేల్చి చెప్పారు. పేరు మనమే పెట్టుకున్నాం. మన ప్రతినిధిని మన ఓట్లతోనే ఎన్నుకునే ఏర్పాటును 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రకటించాడు. గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం అయింది. రాష్ట్రాల శాసనసభల్లో 148 సీట్లు, అందులో మద్రాసుకు 30. సీట్లు పెరిగాయి, ఓటు ఉమ్మడి అయింది. అయినా ఒక తలుపు మిగిలింది. ముందు మనోళ్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి గెలిపించాలి. ఆ ఏర్పాటుకు గడువు పదేళ్లే.

1946 ఎన్నికల్లో ఆ మొదటి ఓటులో ముందున్న అంబేడ్కర్ ఫెడరేషన్ అభ్యర్థులు పలుచోట్ల రెండో ఓటులో ఓడారు. రాజ్యాంగం వచ్చాక మొదటి ఓటే లేదు. 1952లో ఉత్తర బొంబాయి లోక్‌సభ రిజర్వుడు సీటులో అంబేడ్కరే ఓడారు. గెలిచిన కాజ్రోల్కరూ దళితుడే. కాంగ్రెస్ నిలబెట్టిన దళితుడు.

అప్పట్లో జోడు సీట్లుండేవి. ఒకే నియోజకవర్గంలో ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1957లో పార్వతీపురం లోక్‌సభలో రెండు సీట్లూ గిరిజనులే గెలిచారు. జనరల్ సీటు డిప్పల సూరిదొరకు వచ్చింది. ఓడింది వి.వి. గిరి. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయారు. దొర గెలుపు చెల్లుతుందని 1959లో కోర్టు చెప్పింది. 1961లో చట్టం చేసి జోడు సీట్లే తీసేశారు.

ఇక మా సంగతి. రిజర్వుడు సీటులో నిలబడేవాళ్లంతా మనోళ్లే గనక మన ఓట్లు చీలతాయి. తీర్పు మిగతా ఊరి చేతికి పోతుంది. ఏ ఎన్నికో, ఎవరో చెప్పను. ఒక అభ్యర్థి మా ఊరొచ్చి ముందు పెద్దరైతు అరుగెక్కాడు. టీ తాగాడు. బూత్‌ల లెక్క తీసుకున్నాడు. మా పల్లెకొచ్చేసరికి చీకటి పడింది. జీపు దిగకుండానే దండం పెట్టి పోయాడు. "మనోడే గదా, వెయ్యక ఎక్కడికి పోతాం" అన్నాడు మా మేనమామ. ఆ మాట మీదే పార్టీలు బీ ఫారాలు పంచుతున్నాయి.

అందుకని కుర్రాళ్లకు నేను చెప్పింది ఇదీ. పోయిన ఆ మొదటి ఓటును మనమే తిరిగి పెట్టుకుందాం. దానికి ఏ చట్టమూ అక్కర్లేదు. అయిదు మండలాల మాలపల్లెలూ మాదిగపల్లెలూ కలవాలి. కష్టం ఇక్కడే ఉంది, దాచి లాభం లేదు. వర్గీకరణ మాటొస్తే మొహాలు తిప్పుకునే రెండు పల్లెలు ఒక చెట్టు కింద కూచోవాలి. ఆడోళ్లతో సహా అందరూ చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. నెగ్గిన పేరుతో పార్టీల దగ్గరికి పోదాం. బీ ఫారం ఇవ్వకపోతే స్వతంత్రంగా నిలబెడదాం. చట్టసభల్లో మన రిజర్వేషన్‌కు 2019 నాటి 104వ సవరణ ఇచ్చిన గడువు 2030 జనవరి దాకానే. 2029 ఎన్నికలు దాటితే ఏమవుతుందో చూద్దామని కూచోలేం.

ఆ డబ్బాలో నా పేరు నెగ్గితే రాజీనామా రాస్తాను, అమ్మకు నేనే నచ్చజెప్పుకుంటాను. ఇంకొకరి పేరు నెగ్గితే బడికి పోయి పాఠం చెప్పుకుంటాను. డబ్బా పెట్టకుండా మాత్రం నన్ను నిలబడమని అడగొద్దన్నాను. కుర్రాళ్లు కాసేపు గొణిగారు. మొన్న ఇద్దరు పమిడిముక్కల వైపు మాదిగపల్లెలకు మాట్లాడ్డానికి పోయారు.