ఆరోగ్యవరం: కొండగాలి వైద్యం నుంచి పల్లె గడప దాకా

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు మూలమైన క్రిమిని లోకానికి చూపించాడు. రోగకారణం తెలిసిపోయింది. దాన్ని చంపే మందు చేతికి రావడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది. ఆ అరవై ఏళ్లూ వైద్యుల చేతిలో ముఖ్యంగా ఉన్నవి నాలుగు: మంచి గాలి, ఎండ, పూర్తి విశ్రాంతి, బలమైన తిండి. వీటి కోసమే ఐరోపాలో శానిటోరియాలు వెలిశాయి. మన దేశంలో 1906లో అజ్మీరు దగ్గర తిలౌనియాలో ఒకటి మొదలైంది. కొద్ది ఏళ్లకే దక్షిణాదిలో ఆ బాధ్యతను మదనపల్లె భుజానికెత్తుకుంది.

క్షయ రోగిని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆస్పత్రిలో ఉంచాలి. అంత భారం ఏ ఒక్క మిషన్ వల్లా అయ్యే పని కాదు. అందుకే దక్షిణ భారతంలో పనిచేస్తున్న పలు క్రైస్తవ మిషన్లు తమ శాఖాభేదాలు పక్కన పెట్టి ఉమ్మడిగా పూనుకున్నాయి. యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం అనే పేరు అలా వచ్చిందే. 1912లో మదనపల్లెలో తాత్కాలికంగా మొదలైన ఈ సంస్థ, 1915లో ఊరి బయట ఆరోగ్యవరంలో సొంత ఆవరణకు చేరింది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, కోస్తా ఉక్కపోత సోకని వాతావరణం. ఆనాటి వైద్యానికి కావలసిందంతా అక్కడ ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలి సూపరింటెండెంటుగా పాతికేళ్ల పాటు దాన్ని నిలబెట్టారు.

క్షయ అంటే ఆ రోజుల్లో ఇంటి గుట్టు. ఇంట్లో ఒకరికి వచ్చిందని తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావు. రోగికి కంచం వేరు, మంచం వేరు, చివరికి పలకరింపు కూడా వేరే. అటువంటివాళ్లను ఒకచోట చేర్చి, మనుషులుగా చూసి, వేళకు పడుకోబెట్టి, వేళకు తిండి పెట్టడమే శానిటోరియం చేసిన మొదటి మేలు. గాలి ధారాళంగా ఆడే వార్డులు, రోజూ జ్వరం చూసి రాసుకోవడం, క్రమం తప్పకుండా బరువు తూచడం, తెమడను ఎక్కడపడితే అక్కడ ఉమ్మకుండా పాత్రలో పట్టి నాశనం చేయడం: ఇవన్నీ రోగికి చికిత్సే కాదు, చదువు కూడా. ఆ చదువు రోగితో పాటే వాళ్ల ఊరికి వెళ్లింది.

విశ్రాంతికి లొంగని జబ్బుకు మరో మార్గం వెతికారు. ఛాతీలోకి, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్యకు సూదితో గాలి పంపి, పుండుపడిన ఊపిరితిత్తిని కొంతకాలం ముడుచుకుపోయేలా చేసేవారు. కదలిక తగ్గితే పుండు మానుతుందని నమ్మకం. ఆరోగ్యవరంలో ఈ చికిత్స చేయడంతోనే సరిపెట్టలేదు. ఇంటికెళ్లిన రోగులు ఏమయ్యారో కూడా ఆరా తీసి నమోదు చేశారు. ఈ నమోదు అలవాటే తర్వాతి రోజుల్లో ఆ సంస్థకు పెట్టుబడి అయింది. 1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడినప్పుడు దాని మెడికల్ కమిషనర్ బాధ్యతకు ఫ్రిమోట్ మోలర్‌ను ఎంచుకున్నారు. ఆరోగ్యవరం పగ్గాలు డాక్టర్ పి.వి. బెంజమిన్ చేతికి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆయనే కేంద్ర ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారు అయ్యారు.

ఎన్ని మంచాలు వేసినా రోగుల సంఖ్య ముందు అవి చాలవు. ఒకరు కోలుకుని మంచం దిగేలోపు పల్లెలో మరికొందరు మంచాన పడుతున్నారు. ఆస్పత్రి గడప దాటి ఊళ్లోకి వెళ్లక తప్పదన్న ఎరుక ఇక్కడ పుట్టింది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైనప్పుడు తొలి అడుగులు పడ్డచోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత 1950–55 మధ్య మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జరిగిన క్షయ అధ్యయనం ఈ సంస్థ చరిత్రలో శిఖరం. దానికి నాయకత్వం వహించిన యోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ తొలి సూపరింటెండెంటు కుమారుడే. ఇంటింటి జనాభా రాసుకుని, చర్మం మీద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసి, ఎక్స్‌రేలు తీసి, అనుమానం ఉన్నవాళ్ల తెమడ పరీక్షించారు. ఒక ప్రాంతపు జనమందరిలో క్షయ ఎంతుందో, ఏటా ఎలా మారుతోందో ఓపికగా కొలిచిన ఆ పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన బులెటిన్‌లో 1960లో ప్రచురించింది. వైద్యం కోసం తమ దగ్గరకు రాని మనిషిని కూడా తమ రోగిగానే భావించిన ఆస్పత్రి అది.

ఈలోగా మందులు వచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. అప్పుడు పుట్టిన ప్రశ్న ఒక్కటే: మందు ఉంటే శానిటోరియం అవసరమా? మద్రాసులో 193 మంది రోగులను రెండు భాగాలు చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే ఏడాది పాటు మందులిచ్చి చూశారు. ఇరుకు ఇళ్లలో, అంతంతమాత్రం తిండితో ఉన్నవాళ్లు కూడా దాదాపు సమానంగా కోలుకున్నారు. కుటుంబ సభ్యులకు జబ్బు సోకే ముప్పూ పెరగలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చేసింది. అదే ఏడాది బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలై, చికిత్సను జిల్లా కేంద్రాలకూ సాధారణ ఆస్పత్రులకూ తీసుకెళ్లింది.

తాను ఏ పనికోసం పుట్టిందో ఆ పనే తీరిపోతే సంస్థ ఏం చేయాలి? ఆరోగ్యవరం తన తలుపులు అన్ని జబ్బులకూ తెరిచింది. నేడది ఆరోగ్యవరం మెడికల్ సెంటర్. చుట్టుపక్కల జనానికి సాధారణ వైద్యం అందిస్తోంది, నర్సింగ్ విద్య నేర్పుతోంది. నా దృష్టిలో ఇది దాని చరిత్రలో తగ్గుదల కాదు. కరువు సీమలో వందేళ్లకు పైగా ఒక ఆస్పత్రి నమ్మకంగా నిలబడటం ఏ పరిశోధనకూ తీసిపోదు.

ప్రపంచ క్షయ రోగుల్లో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక అధ్యయనం, రోగి కుటుంబానికి పోషకాహారం అందిస్తే ఆ ఇంట్లో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని తేల్చింది. మందు రోగిని కాపాడుతుంది, తిండి ఇంటిని కాపాడుతుంది. క్షయ రోగులకు ప్రభుత్వం 2018 నుంచి పోషణ కోసం నెలకు ఇస్తున్న 500 రూపాయలను 2024లో 1,000కి పెంచడం ఈ దారిలో సరైన అడుగే. ఆ డబ్బు వేళకు చేరుతోందా, రోగి ఇంట్లో మిగతావాళ్లు కడుపునిండా తింటున్నారా అని గడప గడపకూ వెళ్లి అడిగేవాళ్లు ఇప్పుడు ప్రతి మండలంలోనూ కావాలి. ఆ పని ఎలా చేయాలో మదనపల్లె పల్లెలు డెబ్బై ఏళ్ల కిందటే చూపించాయి.